ఆఫీసు కంప్యూటర్లలో లాగిన్ లేటవుతోందా? ఎక్కడ ఆగుతోందో ఇలా పట్టుకోండి

"పాస్‌వర్డ్ కొట్టాక వెల్‌కమ్ అని గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది, డెస్క్‌టాప్ రావడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతోంది, ఏం చేయాలి?" అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళలో ఎక్కువమందివి ఒక సర్వర్, ఇరవయ్యో ముప్పయ్యో సిస్టమ్స్ ఉన్న ఆఫీసులే. వాళ్ళకి బయట దొరికే సలహా ఏంటంటే ఫార్మాట్ కొట్టు, ర్యామ్ పెంచు, ఎస్‌ఎస్‌డీ వేయించు. ఇవన్నీ చేశాక కూడా లాగిన్ అంతే లేటుగా అవుతుంటే అప్పుడు సర్వర్ మార్చేద్దాం అంటారు. దయచేసి ముందే డబ్బు పెట్టకండి. లాగిన్ లేటవడం అంటే చాలాసార్లు కంప్యూటర్ నెమ్మదిగా ఉందని కాదు, అది ఎవరో జవాబిస్తారని ఎదురుచూస్తోందని అర్థం. ఎవరి కోసం ఎదురుచూస్తోందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఇక్కడ రాసేదంతా విండోస్ 10, 11 పీసీలు యాక్టివ్ డైరెక్టరీ డొమైన్‌లో జాయిన్ అయి ఉన్న ఆఫీసుల గురించి, అంటే యూజర్లు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు అన్నీ ఒక సర్వర్ నుంచే నడిచే ఏర్పాటు. డొమైన్ లేకుండా ఉత్త వర్క్‌గ్రూప్‌లో (ఏ పీసీ అకౌంట్లు ఆ పీసీలోనే) ఉంటే 7వ స్టెప్, 9వ స్టెప్‌లో పీసీలో సేవ్ అయిన డ్రైవ్‌ల ముక్క, 13వ స్టెప్ చూసుకుంటే చాలు. కమాండ్లు పలికేటట్టు రాశాను, మీరు ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి, స్లాష్ అన్నచోట ఏటవాలు గీత (/), కోలన్ అన్నచోట రెండు చుక్కలు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

లేటుగా లాగిన్ అయ్యే పీసీ ఒకటి, బాగా అయ్యే పీసీ ఒకటి. పోల్చడానికి రెండూ కావాలి. పీసీలో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్, సర్వర్‌లో డొమైన్ అడ్మిన్ యాక్సెస్. డొమైన్‌లో కొత్తగా క్రియేట్ చేసిన ఒక టెస్ట్ యూజర్, దానికి స్పెషల్ పర్మిషన్లు ఏమీ ఇవ్వద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్, రాసుకోడానికి ఒక పేపర్. గ్రూప్ పాలసీలు, అంటే సర్వర్ నుంచి పీసీలకి వెళ్ళే సెట్టింగులు, ముట్టుకునేట్టయితే గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్‌లో అన్ని పాలసీల బ్యాకప్ ముందే తీసి పెట్టండి, రైట్ క్లిక్ చేస్తే బ్యాకప్ ఆల్ అని ఉంటుంది, రెండు నిమిషాల పని.

యూజర్ పాస్‌వర్డ్ అడగకండి. వాళ్ళనే పక్కన కూర్చోబెట్టి లాగిన్ చేయించండి.

1. టైమ్ కొలవండి, మూడు ముక్కలుగా

"లేటు" అంటే ఏది లేటో ముందు తేల్చుకోవాలి. పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా ఒకటి, పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనపడేదాకా రెండోది, డెస్క్‌టాప్ వచ్చాక ఎక్సెలో ట్యాలీయో తెరుచుకునేదాకా మూడోది. మొదటిది లేటైతే అది బూటింగ్ సమస్య గానీ కంప్యూటర్ పాలసీల సమస్య గానీ. రెండోదే అసలు లాగిన్. మూడోది లేటైతే స్టార్టప్ ప్రోగ్రాములు, యాంటీవైరస్, పాత హార్డ్ డిస్క్, దానికి నేరుగా 13వ స్టెప్‌కి వెళ్ళిపోండి.

ఆ పీసీలో ఆ యూజర్ మొట్టమొదటిసారి లాగిన్ అవుతుంటే ఆ టైమ్ లెక్కలోకి తీసుకోకండి. కొత్త ప్రొఫైల్ (ఆ యూజర్ డెస్క్‌టాప్, ఫైళ్ళు, సెట్టింగులు ఉండే ఫోల్డర్) తయారవ్వాలి కాబట్టి ఎలాగూ లేటవుతుంది. రెండోసారి, మూడోసారి టైమ్ రాసుకోండి.

2. మనిషిదా, మెషీన్‌దా, నెట్‌వర్క్‌దా?

నాలుగు పరీక్షలు చేయండి, ఏదీ వదిలేయొద్దు.

అదే యూజర్‌తో వేరే పీసీలో లాగిన్ చేయించండి. అక్కడా లేటైతే సమస్య ఆ యూజర్ అకౌంట్‌లోనో ప్రొఫైల్‌లోనో ఉంది. అక్కడ బాగుంటే టెస్ట్ యూజర్‌తో లేటయ్యే పీసీలో లాగిన్ అవ్వండి, అదీ లేటైతే సమస్య పీసీదో దాని కేబుల్‌దో. తర్వాత అదే పీసీలో లోకల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి, డొమైన్ అకౌంట్ లేటు, లోకల్ అకౌంట్ ఫాస్ట్ అంటే విండోస్‌లో తప్పేం లేదు, ఫార్మాట్ మాట మర్చిపోండి.

నాలుగోది నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష. నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఆ పీసీలో ఇంతకుముందు లాగిన్ అయిన యూజర్‌తోనే లాగిన్ చేయించండి. విండోస్ పాత పాస్‌వర్డ్ వివరాలు దాచుకుని ఉంటుంది కాబట్టి సర్వర్ లేకపోయినా లోపలికి రానిస్తుంది. కేబుల్ ఉంటే మూడు నిమిషాలు, కేబుల్ లేకపోతే పదిహేను సెకన్లు అయితే ఇక అనుమానం అక్కర్లేదు, పీసీ నెట్‌వర్క్‌లో ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ల్యాప్‌టాప్ అయితే వైఫై కూడా ఆపండి, లేకపోతే పరీక్ష చెల్లదు.

3. స్క్రీన్ మీదే చెప్పించండి

గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ లోపల "డిస్‌ప్లే హైలీ డీటెయిల్డ్ స్టేటస్ మెసేజెస్" అని ఒకటి ఉంటుంది, దాన్ని ఎనేబుల్ చేసి పీసీ రీస్టార్ట్ చేయండి. ఇప్పటిదాకా ఉత్త వెల్‌కమ్ చూపించిన స్క్రీన్ ఇప్పుడు ఏ పని చేస్తోందో చెబుతుంది. "అప్లయింగ్ గ్రూప్ పాలసీ ప్రింటర్స్ పాలసీ" దగ్గర నిమిషం ఆగిందంటే ప్రింటర్లు, "డ్రైవ్ మ్యాప్స్" దగ్గర ఆగిందంటే షేర్ డ్రైవ్‌లు, యూజర్ ప్రొఫైల్ సర్వీస్ కోసం ఆగమంటోందంటే ప్రొఫైల్. ఫోన్‌లో వీడియో తీసుకుని తర్వాత నెమ్మదిగా చూడండి, కొన్ని మెసేజ్‌లు కంటికి ఆనకుండా మారిపోతాయి. ఈ సెట్టింగ్ తర్వాత కూడా అలాగే ఉంచేయొచ్చు, నష్టమేం లేదు.

4. డీఎన్ఎస్ చూడండి, ఇది వదిలేస్తే మిగతావన్నీ దండగ

చిన్న ఆఫీసుల్లో నాకు కనపడే కారణాల్లో మొదటిది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

డీఎన్ఎస్ అంటే పేరు చెప్తే ఐపీ అడ్రస్ చెప్పేది, డొమైన్ కంట్రోలర్ అంటే లాగిన్‌లు సరిచూసే సర్వర్. పీసీ లాగిన్ అప్పుడు డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో డీఎన్ఎస్‌నే అడుగుతుంది. ఆ సమాచారం మీ ఆఫీసు సర్వర్‌లోని డీఎన్ఎస్‌కి మాత్రమే తెలుసు. గూగుల్ వాళ్ళ పబ్లిక్ డీఎన్ఎస్ 8.8.8.8 ని అడిగితే దానికి మీ ఆఫీసు గురించి ఏం తెలుస్తుంది? అందుకే పీసీ అటూ ఇటూ వెతికి, టైమ్ అవుట్లు అయ్యి, చివరికి పాత వివరాలతో ఎలాగోలా లోపలికి పంపిస్తుంది. మీకది "మూడు నిమిషాల లాగిన్"లా కనపడుతుంది.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్, స్పేస్, స్లాష్ ఆల్ కొట్టండి. డీఎన్ఎస్ సర్వర్స్ అన్న లైన్‌లో మీ డొమైన్ కంట్రోలర్ ఐపీ మాత్రమే ఉండాలి, రెండు కంట్రోలర్లుంటే రెండూ ఉండొచ్చు. 192.168.1.1 లాంటి రూటర్ ఐపీ, 8.8.8.8, 1.1.1.1, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ళ డీఎన్ఎస్, ఇవేవీ ఉండకూడదు. రెండో లైన్‌లో కూడా ఉండకూడదు. "మొదటిది పని చేయకపోతే కదా రెండోది" అనుకుంటారు, కానీ సర్వర్ ఒక్క క్షణం జవాబు ఆలస్యం చేసినా విండోస్ రెండోదాన్ని అడుగుతుంది, అది "అలాంటి పేరే లేదు" అని చెప్తే దాన్నే నిజమనుకుని ఆగిపోతుంది. ఒకరోజు బాగుండి ఒకరోజు లేటయ్యే కేసుల్లో చాలావరకు వెనక ఉన్నది ఈ రెండో లైనే.

మరి ఇంటర్నెట్ ఎలా వస్తుందంటారా, సర్వర్‌లో డీఎన్ఎస్ మేనేజర్ తెరిచి ఫార్వర్డర్స్‌లో 8.8.8.8 పెట్టండి. పీసీ సర్వర్‌ని అడుగుతుంది, సర్వర్ బయటవాళ్ళని అడుగుతుంది. సర్వర్ ఆగితే ఇంటర్నెట్ కూడా ఆగుతుందన్న భయంతోనే చాలామంది రెండో లైన్‌లో పబ్లిక్ డీఎన్ఎస్ పెడతారు, ఆ భయానికి సరైన మందు రెండో డొమైన్ కంట్రోలర్.

కరెంట్ పోయి వచ్చాక మాత్రమే సమస్య మొదలవుతుందంటే రూటర్‌ని అనుమానించండి. బ్రాడ్‌బ్యాండ్ వాళ్ళిచ్చిన రూటర్‌లో డీహెచ్‌సీపీ (పీసీలకి ఐపీ, డీఎన్ఎస్ దానంతటదే పంచేది) ఆన్‌లో ఉంటే అది ముందు లేచి పీసీలన్నిటికీ తన డీఎన్ఎస్‌నే పంచేస్తుంది. రూటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి సర్వర్ నుంచి ఇవ్వండి, లేదా రూటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర సర్వర్ ఐపీ వేయండి. రెండు చోట్లా డీహెచ్‌సీపీ ఒకేసారి నడపకండి, మార్పు కూడా ఆఫీసు అయ్యాక చేయండి.

ఇంకో మెలిక. ఐపీకాన్ఫిగ్‌లో డీఎన్ఎస్ దగ్గర ఎఫ్ఈ80 తో మొదలయ్యే పొడవాటి అడ్రస్ కనపడితే అది రూటర్ ఐపీవీ6 (కొత్తరకం ఐపీ అడ్రస్‌ల పద్ధతి) ద్వారా ఇస్తున్న డీఎన్ఎస్. చాలామంది దీనికి పీసీలో ఐపీవీ6 టిక్ తీసేస్తారు, మైక్రోసాఫ్ట్ అలా ఆపొద్దనే చెబుతుంది. రూటర్ ల్యాన్ సెట్టింగుల్లో ఐపీవీ6 డీఎన్ఎస్ పంచడం ఆపితే సరిపోతుంది.

చెక్ చేయడం ఇలా: ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ, తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్, ఆ తర్వాత ఎన్ఎస్‌లుకప్ కొట్టి స్పేస్ ఇచ్చి మీ డొమైన్ పూర్తి పేరు. వెంటనే సర్వర్ ఐపీ రావాలి. ఎప్పుడో తీసేసిన పాత సర్వర్ ఐపీ కూడా కలిసి వస్తే డీఎన్ఎస్ మేనేజర్‌లో ఆ పాత రికార్డులు తీసేయాలి.

5. ఏ సర్వర్ జవాబిస్తోంది?

ఎకో, స్పేస్, పర్సెంట్ లాగాన్‌సర్వర్ పర్సెంట్ అని కొడితే ఏ డొమైన్ కంట్రోలర్ మిమ్మల్ని లోపలికి పంపిందో పేరు వస్తుంది. తర్వాత ఎన్ఎల్‌టెస్ట్, స్పేస్, స్లాష్ డీఎస్‌గెట్‌డీసీ, కోలన్, డొమైన్ పేరు, స్పేస్, స్లాష్ ఫోర్స్. ఇది రెండు మూడు సెకన్లలో జవాబివ్వాలి. జవాబులో డీసీ సైట్ నేమ్, అవర్ సైట్ నేమ్ అని రెండు లైన్లుంటాయి, రెండూ ఒకటే ఉండాలి.

ఒకటే బ్రాంచ్ ఉన్నవాళ్ళకి ఇక్కడ పని లేదు. హైదరాబాద్‌లో హెడ్ ఆఫీసు, వైజాగ్‌లో బ్రాంచి, రెండు చోట్లా సర్వర్ ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తగా చూడండి. వైజాగ్ పీసీ పక్కనే ఉన్న సర్వర్‌ని వదిలేసి వీపీఎన్ మీదుగా హైదరాబాద్ సర్వర్‌తో లాగిన్ అవుతుంటే యాక్టివ్ డైరెక్టరీ సైట్స్ అండ్ సర్వీసెస్‌లో వైజాగ్ సబ్‌నెట్ (అక్కడి ఐపీ రేంజ్) చేర్చలేదని అర్థం. సబ్‌నెట్ చేర్చి ఆ సైట్‌కి కలపండి. కొత్త ఐపీ రేంజ్ వేసినప్పుడల్లా ఇది మర్చిపోతుంటారు.

బ్రాంచిలో సర్వర్ లేకుండా వీపీఎన్ మీదే లాగిన్ అవుతుంటే ఫైర్‌వాల్‌లో 53, 88, 135, 389, 445, 464 పోర్టులు, టైమ్ కోసం 123, వాటితో పాటు 49152 నుంచి 65535 దాకా తెరిచి ఉన్నాయో లేదో చూడండి. ఆ చివరి రేంజ్ మూసేస్తారు, అన్నీ పని చేస్తున్నట్టే ఉంటుంది, లాగిన్ మాత్రం ఈడుస్తుంది.

చివరగా రన్ బాక్స్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, డొమైన్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, సిస్‌వాల్ కొట్టండి. ఫోల్డర్ టక్కున తెరుచుకోవాలి. పాలసీలన్నీ అక్కడే ఉంటాయి, ఇది నెమ్మదిగా తెరుచుకుంటే ప్రతి పాలసీ నెమ్మదే.

6. గడియారం

పీసీకి, సర్వర్‌కి మధ్య టైమ్ తేడా 5 నిమిషాలు దాటితే కెర్బరాస్ (డొమైన్‌లో గుర్తింపు సరిచూసే పద్ధతి) ఒప్పుకోదు, అప్పుడు లాగిన్ ఫెయిల్ అవ్వొచ్చు, లేదా లోపలికి వచ్చినా షేర్లు, పాలసీలు మొరాయిస్తాయి. పీసీలో డబ్ల్యూ32టీఎం, స్పేస్, స్లాష్ క్వెరీ, స్పేస్, స్లాష్ సోర్స్ కొట్టండి, సర్వర్ పేరు రావాలి. లోకల్ సీమాస్ క్లాక్ అని వస్తే పీసీ తన సొంత గడియారాన్నే నమ్ముకుంది, డబ్ల్యూ32టీఎం స్లాష్ రీసింక్ కొట్టి చూడండి. రోజూ టైమ్ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద బటన్ సెల్ మార్చేయండి.

సర్వర్ టైమే తప్పుంటే ముందు దాన్ని సరిచేయాలి. దానికి బయటి టైమ్ సర్వర్‌గా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీది గానీ ఎన్ఐసీది (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) గానీ పెట్టుకోండి, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో కూడా వీటితో గానీ, వీటిని అనుసరించే టైమ్ సర్వర్లతో గానీ టైమ్ కలుపుకోమని ఉంది.

7. కేబుల్, స్విచ్

నెట్‌వర్క్ అడాప్టర్ స్టేటస్‌లో స్పీడ్ చూడండి. 1 జీబీపీఎస్ రావాల్సిన చోట 100 ఎంబీపీఎస్ చూపిస్తే చాలావరకు కేబుల్‌లోనో క్రింపింగ్‌లోనో ఒక జత తెగి ఉంటుంది, ఎందుకంటే గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100కి రెండు చాలు. పక్క పీసీ కేబుల్ తెచ్చి పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోద్ది.

మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకునే వీలున్నది) ఉంటే ఇంకోటి చూడాలి. పీసీ ఆన్ అయ్యాక పాతరకం స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే ఏర్పాటు) ఆ పోర్టుని దాదాపు 30 సెకన్లు ఆపి ఉంచుతుంది, ఈలోపు పీసీ లాగిన్ స్క్రీన్‌కి వచ్చేసి సర్వర్ కనపడట్లేదని వెతుకుతుంటుంది. పీసీలు తగిలించిన పోర్టులకి పోర్ట్‌ఫాస్ట్ లేదా ఎడ్జ్ పోర్ట్ ఆన్ చేయండి. ఒక స్విచ్‌ని ఇంకో స్విచ్‌కి కలిపే పోర్టుల మీద మాత్రం చేయకండి, లూప్ పడితే ఆఫీసు మొత్తం నెట్‌వర్క్ పడుకుంటుంది.

8. ఈవెంట్ వ్యూయర్‌లో సెకన్లు చదవండి

ఇప్పటిదాకా దొరకకపోతే ఇక్కడ దాదాపు దొరుకుతుంది. లాగిన్ అయిన వెంటనే ఈవెంట్ వ్యూయర్ తెరిచి అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, మైక్రోసాఫ్ట్, విండోస్, గ్రూప్‌పాలసీ, ఆపరేషనల్ దాకా వెళ్ళండి. అక్కడ ఈ నంబర్లు వెతకండి.

4001 అంటే యూజర్ పాలసీ మొదలైంది. 8001 అంటే అయిపోయింది, ఎన్ని సెకన్లు పట్టిందో అందులోనే రాసి ఉంటుంది. ఆ రెండిటి మధ్య 5016 నంబర్లు చాలా ఉంటాయి, ఒక్కోటి ఒక్కో భాగం ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుందో చెబుతుంది. 5326లో డొమైన్ కంట్రోలర్‌ని కనుక్కోడానికి ఎంత టైమ్ పట్టిందో ఉంటుంది, అది పెద్దగా ఉంటే మళ్ళీ 4వ స్టెప్‌కి పోండి. ఉదాహరణకి 8001లో 64 సెకన్లు, 5016ల్లో రిజిస్ట్రీకి 200, డ్రైవ్ మ్యాప్స్‌కి 900, ప్రింటర్స్‌కి 61,000 ఉందనుకోండి, ఇంకేం వెతకాలి, ప్రింటర్సే. మిల్లీసెకన్లని 1000తో భాగిస్తే సెకన్లు.

అలాగే విండోస్ లాగ్స్‌లోని అప్లికేషన్ లాగ్‌లో విన్‌లాగాన్ నుంచి 6005, 6006 ఉన్నాయేమో చూడండి. ఫలానా భాగం "టేకింగ్ లాంగ్ టైమ్" అని 6005 చెబుతుంది, ఎన్ని సెకన్లు తినిందో 6006 చెబుతుంది. అందులో జీపీక్లయింట్ అని ఉంటే గ్రూప్ పాలసీ, ప్రొఫైల్స్ అని ఉంటే ప్రొఫైల్.

9. చచ్చిపోయిన దారులు

డీఎన్ఎస్ తర్వాత నేను ఎక్కువగా చూసేది ఇదే. సర్వర్ మార్చినప్పుడు కొత్త సర్వర్‌లో అన్నీ పెడతారు, పాత సర్వర్ పేరు మాత్రం ఎక్కడెక్కడో మిగిలిపోతుంది. లేని మెషీన్‌ని పిలిస్తే విండోస్ వెంటనే వదలదు, ఒక్కో ప్రయత్నానికి 20 సెకన్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. అలాంటి పేర్లు నాలుగుంటే నిమిషం పైన పోయినట్టే.

వెతకాల్సిన చోట్లు చెప్తాను. మొదట యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్‌లో ఆ యూజర్ ప్రాపర్టీస్, ప్రొఫైల్ ట్యాబ్. అక్కడ ప్రొఫైల్ పాత్, లాగాన్ స్క్రిప్ట్ (లాగిన్ అప్పుడు దానంతటదే నడిచే కమాండ్ల ఫైల్), హోమ్ ఫోల్డర్ అని మూడు బాక్సులుంటాయి. హోమ్ ఫోల్డర్‌లో హెచ్ డ్రైవ్ అని పెట్టి పక్కన ఎప్పుడో స్క్రాప్‌కి వెళ్ళిన సర్వర్ పేరు ఉంటుంది, ఈ ట్యాబ్ ఎవరూ తెరిచి చూడరు కాబట్టి అలాగే ఉండిపోతుంది. ఆఫీసులో పాతవాళ్ళకి మాత్రమే లాగిన్ లేటు, కొత్తగా చేరినవాళ్ళకి బాగుందంటే ముందు ఇక్కడే చూడండి.

తర్వాత గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో డ్రైవ్ మ్యాప్స్, ప్రింటర్స్. ప్రతి దాని పాత్ రన్ బాక్స్‌లో కొట్టి తెరుచుకుంటోందో లేదో చూడండి. యాక్షన్ దగ్గర "రీప్లేస్" ఉంటే ప్రతి లాగిన్‌లో పాతది తీసేసి మళ్ళీ కొత్తగా పెడుతుంది, ప్రింటర్ల విషయంలో ఇది బాగా టైమ్ తింటుంది. "అప్‌డేట్"కి మార్చండి. తీసేసిన ప్రింటర్‌ని పాలసీలో లైన్ తొలగించి ఊరుకోకండి, కొన్నాళ్ళు యాక్షన్ "డిలీట్" అని పెట్టి ఉంచితే పీసీల్లోంచి కూడా పోతుంది, తర్వాత లైన్ తీసేయండి.

పీసీలో యూజర్ చేత్తో పెట్టుకున్న డ్రైవ్‌లు కూడా ఉంటాయి. యూజర్ లాగిన్‌లోనే నెట్, స్పేస్, యూజ్ కొడితే లిస్టు వస్తుంది, అనవైలబుల్ అని ఉన్నవాటికి నెట్ యూజ్, డ్రైవ్ అక్షరం, కోలన్, స్పేస్, స్లాష్ డిలీట్. డెస్క్‌టాప్ మీద పాత సర్వర్‌కి వెళ్ళే షార్ట్‌కట్లు కూడా తీసేయండి, వాటి ఐకాన్ చూపించడానికి కూడా విండోస్ ఆ సర్వర్‌ని పిలుస్తుంది.

లాగాన్ స్క్రిప్ట్ ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి లైన్ లైన్ చదవండి. ఎక్కడైనా పాజ్ ఉందా, పాస్‌వర్డ్ అడిగే నెట్ యూజ్ ఉందా, పెద్ద ఫైల్ ఏదైనా కాపీ చేస్తోందా. విండో కనపడకుండా నడిచే స్క్రిప్ట్ పాస్‌వర్డ్ అడిగితే జవాబిచ్చేవాళ్ళు ఉండరు, డిఫాల్ట్‌గా 600 సెకన్ల దాకా ఆగుతుంది.

"లాగిన్ బాగానే అవుతోంది కానీ షేర్ డ్రైవ్‌లు ఐదు నిమిషాల తర్వాత వస్తున్నాయి" అంటే అది రోగం కాదు. విండోస్ 8.1 నుంచి గ్రూప్ పాలసీ లాగాన్ స్క్రిప్టులని కావాలనే 5 నిమిషాలు ఆలస్యంగా నడుపుతుంది. కంప్యూటర్ పాలసీలో "కాన్ఫిగర్ లాగాన్ స్క్రిప్ట్ డిలే"ని డిజేబుల్ చేస్తే వెంటనే నడుస్తుంది.

10. ప్రొఫైల్

పీసీలో సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్డ్, యూజర్ ప్రొఫైల్స్ సెట్టింగ్స్ తెరిస్తే ఎవరి ప్రొఫైల్ ఎంత సైజో, లోకలో రోమింగో కనపడుతుంది. రోమింగ్ అయితే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సర్వర్‌తో సరిచూసుకుంటూ లాగిన్‌లో కిందకీ లాగాఫ్‌లో పైకీ వెళ్తుంటాయి. డెస్క్‌టాప్ మీద పెళ్ళి వీడియో పెట్టుకున్న మనిషి ఏ పీసీలో కూర్చున్నా లేటే. రోమింగ్ నిజంగా అవసరమా అని అడగండి. మనుషులు రోజూ ఒకే సీట్లో కూర్చునే ఆఫీసుకి అవసరం లేదు. ఫైళ్ళు సర్వర్‌లో ఉండాలన్నదే అవసరమైతే ఫోల్డర్ రీడైరెక్షన్ పెట్టండి, ఫైళ్ళు అక్కడే ఉంటాయి, ప్రతిసారీ కాపీ అవ్వవు. అవుట్‌లుక్ మెయిల్స్ దాచుకునే పీఎస్‌టీ ఫైళ్ళు మాత్రం రీడైరెక్ట్ చేసిన ఫోల్డర్‌లో ఉంచకండి, నెట్‌వర్క్ షేర్ మీద పీఎస్‌టీ వాడటం మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేయదు, పాడైతే మెయిల్స్ పోతాయి.

ప్రొఫైల్ పాడైందని తేలితే, అంటే ఆ ఒక్క యూజర్ ఆ ఒక్క పీసీలో మాత్రమే లేటైతే, కొత్తది చేయాల్సి వస్తుంది. ముందు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్ బుక్‌మార్కులు, పీఎస్‌టీ, అవుట్‌లుక్ సిగ్నేచర్లు బ్యాకప్ తీయండి, యూజర్‌కి చూపించి ఓకే అనిపించుకోండి. తర్వాత పీసీ రీస్టార్ట్ చేసి అడ్మిన్‌గా లాగిన్ అయ్యి పైన చెప్పిన యూజర్ ప్రొఫైల్స్ బాక్స్‌లోంచే డిలీట్ కొట్టండి. సీ డ్రైవ్ యూజర్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి నేరుగా ఫోల్డర్ డిలీట్ చేయకండి. రిజిస్ట్రీలో దాని వివరం మిగిలిపోయి తర్వాత టెంపరరీ ప్రొఫైల్‌తో లాగిన్ అవుతుంది, ఆ యూజర్ రోజంతా చేసిన పని లాగాఫ్‌తో మాయమైపోతుంది.

11. పాలసీలు

జీపీరిజల్ట్, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఏదో ఒక పేరు చుక్క హెచ్‌టీఎంఎల్ కొడితే ఏ పాలసీలు పడుతున్నాయో రిపోర్ట్ వస్తుంది. పాలసీల సంఖ్య చూసి కంగారు పడకండి, పది చిన్న పాలసీల కంటే ఒక చెడ్డ ఫిల్టర్ ఎక్కువ ఆపుతుంది. డబ్ల్యూఎంఐ ఫిల్టర్లలో (పాలసీ ఏ పీసీకి పడాలో తేల్చే షరతులు) విన్32 ప్రొడక్ట్ అని ఉంటే తీసేయండి. అది ఫలానా సాఫ్ట్‌వేర్ ఉందా అని అడిగినట్టు ఉంటుంది కానీ నిజానికి ఎంఎస్ఐతో ఇన్‌స్టాల్ అయినవన్నీ ఒక్కొక్కటి సరిగ్గా ఉందో లేదో తనిఖీ చేయిస్తుంది.

"ఆల్వేస్ వెయిట్ ఫర్ ద నెట్‌వర్క్" పాలసీ ఆన్‌లో ఉంటే లాగిన్ కొంచెం లేటవడం సహజం, అవసరం ఉండే పెట్టి ఉంటారు, ఎందుకు పెట్టారో కనుక్కోకుండా తీయకండి.

12. అందరికీ, పొద్దున్నే లేటైతే

తొమ్మిదిన్నరకి అందరికీ లేటు, పదకొండుకి అందరికీ బాగుంది అంటే పీసీలు వదిలేసి సర్వర్ దగ్గరికి వెళ్ళండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం ఉందా చూడండి. రాత్రి మొదలైన బ్యాకప్ పొద్దున దాకా సాగుతుండొచ్చు, యాంటీవైరస్ ఫుల్ స్కాన్ తొమ్మిదింటికి పెట్టి ఉండొచ్చు. డొమైన్ కంట్రోలర్, ట్యాలీ డేటా, ఫైల్ షేర్, డేటాబేస్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటే అది ఏ పని చేయాలి పాపం? కనీసం బ్యాకప్, స్కాన్ టైమ్‌లు మార్చండి. తర్వాత సర్వర్‌లో డీసీడయాగ్ కొట్టి ఫెయిల్డ్ అన్న లైన్లు చదవండి, రెండు కంట్రోలర్లుంటే రెప్‌అడ్మిన్, స్పేస్, స్లాష్ రెప్ల్‌సమ్మరీ కూడా.

సర్వర్ రీస్టార్ట్ అయిన రోజు మాత్రమే లేటైతే సర్వర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. డొమైన్ అని ఉండాల్సిన చోట పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ అందర్నీ ఆపేస్తుంది. నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిజేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే సరవుతుంది, కానీ రిమోట్ డెస్క్‌టాప్‌లో కూర్చుని చేయకండి, మీ కనెక్షనే పోతుంది, సర్వర్ ముందు కూర్చుని చేయండి. కరెంట్ పోయినప్పుడల్లా ఇలా అవుతుంటే సర్వర్‌కీ, స్విచ్‌కీ యూపీఎస్ ఉండాలి, లేచే వరుస కూడా ముఖ్యం: ముందు స్విచ్, తర్వాత సర్వర్, సర్వర్ పూర్తిగా వచ్చాకే పీసీలు.

13. డెస్క్‌టాప్ వచ్చాక లేటైతే

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. పీసీలో ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, ఆ ఎస్‌ఎస్‌డీ సలహా ఇక్కడ మాత్రం నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, వేయించండి. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. టెస్ట్ కోసమని ఉన్న ఒక్కటీ ఆపేసి అలాగే వదిలేయకండి.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికంటే పెద్దది, ఒకేసారి ఐదు మార్చడం. లాగిన్ బాగైతే ఏది పని చేసిందో తెలీదు, వారం తర్వాత మళ్ళీ లేటైతే మళ్ళీ మొదటికొస్తారు. ఒకటి మార్చండి, రీస్టార్ట్ చేయండి, కొలవండి, రాసుకోండి.

రెండోది, ముందే డొమైన్‌లోంచి తీసి మళ్ళీ జాయిన్ చేయడం. డీఎన్ఎస్ తప్పుంటే తీయడం తేలిగ్గా అవుతుంది, మళ్ళీ జాయిన్ అవ్వదు, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలీకపోతే ఆ పీసీలోకి ఎవరూ వెళ్ళలేరు. ఇంకా ఒకటుంది, మార్పు చేశాక లాగాఫ్ చేసి లాగిన్ అయ్యి "తేడా లేదు" అనేయడం. కంప్యూటర్ పాలసీల్లో కొన్ని రీస్టార్ట్‌తోనే పడతాయి, కొన్నిటికి రెండు రీస్టార్ట్‌లు కావాలి.

బాగైందని ఎప్పుడు అనుకోవాలి

మొదట్లో రాసుకున్న టైమ్‌లు తీయండి. అదే యూజర్, అదే పీసీ, అదే పద్ధతిలో రెండు రీస్టార్ట్‌ల తర్వాత కొలవండి. ఎస్‌ఎస్‌డీ ఉండి కేబుల్ మీద ఉన్న పీసీలో ఎంటర్ నొక్కాక డెస్క్‌టాప్ 30 సెకన్లలోపు రావాలి, నా లెక్కలో అంతకంటే ఎక్కువైతే ఇంకా ఏదో మిగిలుంది. సమస్య పాలసీలదైతే ఈవెంట్ వ్యూయర్‌లో 8001 సెకన్లు కూడా తగ్గి ఉండాలి, స్టాప్‌వాచ్ తగ్గి అది తగ్గకపోతే ఆ రోజు అదృష్టం బాగుందంతే.

ఒక్క పీసీలో చూసి ఆఫీసు మొత్తానికి పాలసీ మార్చకండి. ముందు మూడు నాలుగు సిస్టమ్స్‌కి పెట్టి, సోమవారం పొద్దున అందరూ ఒకేసారి వచ్చే టైమ్‌లో చూడండి, ఆదివారం ఖాళీ ఆఫీసులో వచ్చిన టైమ్ పనికిరాదు. అప్పుడూ లేటైన పీసీ ఏదైనా ఉంటే దాని ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్, 5016 లైన్లు, ఎన్ఎల్‌టెస్ట్ జవాబు ఈ మూడూ దగ్గర పెట్టుకుని ఎవరినైనా సాయం అడగండి, అవి చూపిస్తే వాళ్ళు ఊహలతో కాకుండా నేరుగా సమస్య దగ్గర్నుంచే మొదలుపెడతారు.